నాలుగు చక్రాల డోలీ

ప్రభుత్వ దృష్టిలో మనిషి కాలు రెండుసార్లు విరగాలి. మొదటిసారి ఎక్కడ విరిగినా ఫర్వాలేదు గానీ, రెండోసారి మాత్రం పోర్టల్లోనే విరగాలి. మొదటిదానికి నొప్పి తప్ప రిఫరెన్స్ నంబరు ఉండదు కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు.

పనసగెడ్డవలస సుక్రు కాలు మొదటిసారి విరిగింది ఫిబ్రవరి నెలలో. సిల్వర్ ఓక్ చెట్టుకు పాకిన మిరియాలు కోస్తుంటే వెదురు నిచ్చెన జారింది. తోట లీజుకు తీసుకున్న షావుకారు కూలీల పేరున ఇన్సూరెన్స్ కట్టాడు. అయితే అది నేల మీద పనిచేసేవారికే వర్తిస్తుందట.

"నేల మీదే కదా బాబూ దొరికేను" అని సుక్రు మనవి చేసుకున్నాడు.

పడకముందు ఎక్కడున్నావన్నదే ముఖ్యమని షావుకారు ఓపిగ్గా వివరించాడు. (ఇన్సూరెన్స్ వారు గురుత్వాకర్షణను ఇంకా అధికారికంగా గుర్తించలేదు.) ఇక ఆరోగ్య కార్డు చూస్తే, సుక్రు పేరు మూడేళ్లుగా వేరే ఊళ్లో ఇంకో సుక్రు కుటుంబంలో నమోదై ఉంది. ఆ కుటుంబం వాళ్లు మంచివాళ్లే. విషయం తెలిసి అరటిపళ్లు పట్టుకుని చూడటానికి వచ్చారు.

పట్నంలో డాక్టరు తొడకు బయటినుంచి ఇనప కడ్డీలు బిగించి పంపించాడు. మూడు నెలల్లోగా లోపల రాడ్డు వెయ్యాలన్నాడు. ఖర్చు ఎనభై వేలు. లేకపోతే కాలు రెండంగుళాలు పొట్టిదైపోతుంది. సుక్రుకి నొప్పంటే పెద్దగా లెక్కలేదు. ఆ పొట్టి అన్న మాట వినగానే మాత్రం గుండె జారిపోయింది. పొట్టి కాలుతో చెట్టెక్కలేడు, చెట్టెక్కలేనివాణ్ణి ఆ కొండ మీద ఎవరూ పనికి పిలవరు.

అప్పుడు తెలిసింది, ఇలాంటివారి కోసమే 'గిరి సాంత్వన' అనే ఆర్థిక సహాయ పథకం ఉందని. దరఖాస్తు పద్నాలుగు పేజీలు. కదలలేని స్థితిలో ఉన్నవారే అర్హులని మొదటి పేజీలో ఉంది. దరఖాస్తుదారు స్వయంగా హాజరు కావాలని రెండో పేజీలో ఉంది.

కాబట్టి ప్రమాదం జరిగిన రోజు ఎలా దిగాడో అలాగే మళ్లీ దిగాడు. పొడుగాటి వెదురు గెడకు దుప్పటి రెండు చివర్లా ముడేసి, అందులో సుక్రుని పడుకోబెట్టి, నలుగురు మనుషులు ఎనిమిది కిలోమీటర్లు మోసుకొచ్చారు. గ్రామ సచివాలయంలో గెడను రెండు బల్లల మీద ఆనించారు. ఆ విధంగా ప్రభుత్వ బల్లలను అడుగునుంచి పరిశీలించిన అతికొద్దిమంది పౌరుల్లో సుక్రు ఒకడయ్యాడు. (శుభ్రంగా లేవు.)

డిజిటల్ అసిస్టెంట్ భానుశ్రీ మైదానం నుంచి వచ్చిన పిల్ల, మంచిది. ఇరవై ఆరు ప్రశ్నలు గడగడా నింపేసి ఇరవై ఏడో దాని దగ్గర ఆగింది.

"క్షతగాత్రుణ్ణి తరలించిన వాహనం ఏది అక్కా? అంబులెన్సా, బస్సా, ప్రైవేటు బండా?"

"డోలీ" అంది సుక్రు భార్య రాజకుమారి.

"అది ఇందులో లేదు. ఇతర వాహనాలు అని పెడతాను. నంబరు చెప్పండి."

"డోలీకి నంబరేటమ్మా? దుప్పటి నాది, గెడ ఈయనది."

నంబరు గడి పక్కన ఎర్ర చుక్క ఉంది. అది నింపకపోతే పేజీ కదలదు. భానుశ్రీ ఎవరెవరికో ఫోన్లు చేసింది. చివరికి తేలిందేమిటంటే, ఇలాంటి క్లిష్ట సందర్భాల కోసం జిల్లాలో క్షతగాత్ర తరలింపు వాహనాల పరిశీలనాధికారి అనే పదవి ఒకటుంది. అందులో ఫణీంద్ర గారు నాలుగేళ్లుగా పని కోసం ఎదురుచూస్తున్నారు.

మరుసటి గురువారం సచివాలయం ముందే తనిఖీ. డోలీ మళ్లీ దిగింది. ఫణీంద్ర గారు దాని చుట్టూ మూడుసార్లు తిరిగారు. బ్రేకు పనిచేస్తుందా అని అడిగితే, ముందు మోసే మంగ్లు నాలుగడుగులు వేసి ఆగి చూపించాడు. వెనక్కి కూడా నడిచి చూపించాడు. నోట్లో చుట్ట ఆర్పేశాక పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చారు.

"చక్రాలెన్ని?"

"సక్రాల్లేవు బాబూ. నలుగురం మోత్తాం" అన్నాడు మంగ్లు.

"మనిషికి రెండు కాళ్ల చొప్పున ఎనిమిది" ఫణీంద్ర గారు కలం ఆపి ఆలోచించారు. "ఎనిమిదంటే భారీ వాహనం అవుతుంది. పన్ను పడుతుంది. పాపం, పేదవాళ్లు. నాలుగని వేస్తున్నాను."

యజమాని పేరు సుక్రు. గెడ మీద సున్నంతో 'డోలీ 0001' అని రాయించారు. అంత పెద్ద ఆఫీసరు తమ కోసం అంత ఆలోచించినందుకు దుప్పట్లోంచే సుక్రు దణ్ణం పెట్టాడు. నిజంగానే అతనికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

పద్దెనిమిది రోజుల తర్వాత, సిగ్నల్ దొరికే బండ మీద మంగ్లు ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మీ కుటుంబానికి సొంత నాలుగు చక్రాల వాహనం ఉన్నందున మీరు పేదలు కారు. దరఖాస్తు తిరస్కరించడమైనది. ఆ నెల బియ్యం కూడా ఆగిపోయాయి. అప్పటికి డాక్టరు చెప్పిన మూడు నెలల్లో పన్నెండు రోజులే మిగిలాయి.

డోలీ మళ్లీ దిగింది. మళ్లీ సచివాలయానికి రావలసి వచ్చినా ఫణీంద్ర గారు విసుక్కోలేదు. అప్పీలుకు అవకాశం ఉందనీ, వాహనం లేదని నిరూపించుకుంటే చాలనీ చెప్పారు.

"మాకు బండెక్కడిది బాబూ?" అంది రాజకుమారి.

"ఇప్పుడు ఎలా వచ్చారు?"

"డోలీలో."

"మరి?" అన్నారు ఫణీంద్ర గారు.

పరిష్కారం ఆయనే చెప్పారు. అధికారి సమక్షంలో వాహనాన్ని తుక్కు చేస్తే ధ్రువపత్రం అక్కడికక్కడే ఇవ్వవచ్చట. మంగ్లు సుక్రు మొహం చూశాడు.

"నరికీరా" అన్నాడు సుక్రు. "పన్నెండు రోజులే ఉన్నాయి."

సుక్రుని దించి గోడకు ఆనించి కూర్చోబెట్టారు. మంగ్లు కత్తి తీసి గెడను సరిగ్గా మధ్యకు నరికాడు. 'డోలీ' అన్న అక్షరాలు ఒక ముక్క మీద, 0001 రెండో ముక్క మీద మిగిలాయి. ఫణీంద్ర గారు ధ్రువపత్రం మీద ముద్ర వేసి, చెయ్యి కలిపి, "ఇప్పుడు మీరు సంపూర్ణంగా పేదవారు" అని అభినందించారు. మిగిలింది దరఖాస్తుదారు నిలువెత్తు ఫొటో ఒక్కటే.

సుక్రుకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. రెండు ముక్కలూ రెండు చంకల కింద పెట్టుకున్నాడు. రాజకుమారి వెనకనుంచి నడుం పట్టుకుంది. ఎనభై రోజుల తర్వాత మొదటిసారి, ఒంటికాలి మీద, వణుకుతూ లేచి నిలబడ్డాడు. ఫొటోకి నవ్వాడు కూడా. భానుశ్రీ టాబ్‌లో క్లిక్ చేసింది. ఫొటో పైకెళ్లింది. ఏడు సెకన్లలో జవాబొచ్చింది.

భానుశ్రీ దాన్ని చదవలేక తెర వాళ్ల వైపు తిప్పింది. రాజకుమారి కూడబలుక్కుని చదివింది. అభినందనలు. మీరు నిలబడి ఉన్నట్లు ఫొటో ద్వారా నిర్ధారణ అయినది. మీరు కోలుకున్నారు. దరఖాస్తు ముగిసినది.

"దీనికి అప్పీలు లేదా సార్?" అని భానుశ్రీ అడిగింది.

"తిరస్కరిస్తే ఉంటుందమ్మా. కోలుకున్నదానికి ఉండదు" అన్నారు ఫణీంద్ర గారు, ఫైలుకు దారం చుడుతూ.

బయటికొచ్చారు. ఊరు ఎనిమిది కిలోమీటర్లు, అంతా ఎగువ దారి. సుక్రు చంకల కింద చెరో ముక్క పెట్టుకుని కొండ వైపు చూసి, ఎలా వెళతామని భార్యని అడిగాడు. ఆమె దుప్పటి మడతపెట్టి భుజాన వేసుకుంది.

"ఏటి సేత్తాం. నువ్వు లెగిసి నిలబడ్డావని గవర్నమెంటు రాసీసింది. నడు."