అంచు మీది దేశం

సూరత్ శివారు జోల్వాలోని మా సేఠ్ కార్ఖానాలో నేసిన పాలిస్టర్ బట్ట భారతదేశంలోనే పుట్టిందని 2020 సెప్టెంబరులో అధికారికంగా రుజువైంది. పాఠకులు సంతోషించగలరు. అంతవరకు తాను జపాన్‌లో పుట్టానని ఆ బట్టే చెప్పుకుంటూ ఉండేది.

ఇందులో మోసమేమీ లేదు. బట్ట అంచు మీద ‘మేడ్ ఇన్ జపాన్’ అని అక్షరాలు పడేలా మరమగ్గానికి ఒక చిన్న అమరిక ఉంటుంది. ‘మేడ్ ఇన్ సూరత్’ అని నేసిన ఏడాది నగరంలోని అడాజన్ దుకాణాల్లో దాన్ని వేళ్లతో నలిపి చూసి వదిలేశారు. జపాన్ అని నేసిన ఏడాది మీటరుకు నలభై రూపాయలు ఎక్కువిచ్చి, మెత్తదనాన్ని మెచ్చుకున్నారు. దారం అదే, మగ్గం అదే, నేసింది మా నాన్న దశరథమే. ఇరవై రెండేళ్లుగా ఆయన సూరత్ దాటకుండా జపాన్‌కు సేవ చేస్తున్నారు.

లాక్‌డౌన్ ఆజ్ఞను సేఠ్ తు.చ. తప్పకుండా పాటించారు. కార్ఖానా షట్టర్ మూసేశారు. మూసిన షట్టర్ వెనక నాన్నను, మరో ఇద్దరిని ఉంచి మగ్గాలు నడిపించారు. హాజరు పుస్తకంలో ముగ్గురి పేర్ల ఎదురుగా ‘రైలెక్కి ఊరికి పోయాడు’ అని రాశారు. ఊరికి పోయినవాళ్లు ఇక్కడ పని చేయలేరు గనుక ఆజ్ఞను మీరే ప్రశ్నే లేదు.

సేఠ్ ఇచ్చే సగం జీతంతో ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. పంచాయతీ ఆఫీసులో రేషన్ కిట్లు ఇస్తున్నారు గానీ, లాక్‌డౌన్‌లో ఇక్కడే పని చేశాడని కార్ఖానా నుంచి చీటీ తేవాలి. నాన్న అడిగారు.

“చీటీ ఎట్ల రాయాలె దశరథ్‌భాయ్? నువ్వు ఊళ్లె ఉన్నవ్ గదా,” అన్నారు సేఠ్, మావాళ్ల నోట విని నేర్చుకున్న తెలుగులో, ఎదురుగా నిలబడ్డ నాన్నతో.

“నేను గీడనే ఉన్న సేఠ్.”

“గది నాకెరుక. పుస్తకానికి ఎరుకలేదు.”

ఇంతలో ఆ సరుకు మొత్తం కొంటానని ఒక విదేశీ వ్యాపారి ముందుకొచ్చారు. ఆయనది జపాన్. భారతదేశంలో పుట్టిన బట్ట అని ధ్రువపత్రం ఉంటే అక్కడ సుంకం తగ్గుతుందట. సేఠ్ పరుగున ఆ పత్రాలిచ్చే ఆఫీసుకు వెళ్లారు. అధికారి నమూనా ముక్కను పైకెత్తి, అంచు చదివి, ఉపన్యసించారు.

“ముడిసరుకు ఎక్కడిదైనా కావచ్చు. అది ఏ గడ్డ మీద, ఎవరి చేతుల్లో రూపం మార్చుకుందో అదే దాని దేశం. మీ బట్ట జపాన్ అంటోంది. మీ పుస్తకం కార్ఖానాలో మనుషులే లేరంటోంది. మీ పక్షాన ఉన్నది కరెంటు బిల్లొక్కటే. కరెంటు ఒంటరిగా బట్ట నేయదు. నేసిన మనిషిని చూపండి.”

ఆ సాయంత్రం సేఠ్ మొదటిసారి మా గదికి వచ్చారు. నాన్న లాక్‌డౌన్ పొడుగునా జోల్వాలోనే ఉన్నారని, ఈ బట్ట ఆయన చేతులతోనే తయారైందని వాంగ్మూలం కావాలన్నారు. ఊరి బళ్లో నేర్చుకున్న హిందీలో నేను రాశాను. నాన్న వేలిముద్ర వేశారు. హాజరు పుస్తకంలోకి కొత్త పేజీ వచ్చింది. బట్టకు ధ్రువపత్రం వచ్చింది. ప్రయాణానికి ముందు ‘మేడ్ ఇన్ జపాన్’ అంచును కత్తిరించేశారు. జపాన్‌వాళ్లు నమ్మరట.

పనయ్యాక సేఠ్ కొత్త పేజీ తీసి పాత పేజీ పెట్టారు. నాన్న మళ్లీ ఊరికి పోయారు.

అలా ఊరికి పోయిన నాన్న, బట్ట ధ్రువపత్రం నకలు పట్టుకుని పంచాయతీకి వెళ్లారు. గుమాస్తా ఓపికగా చదివి, బట్ట ఇక్కడిదేనని ఒప్పుకున్నారు. బియ్యం బట్టకు ఇవ్వరని, మనిషికి వేరే రుజువు కావాలని చెప్పారు. కార్ఖానా చీటీ దొరక్కపోతే, చదువుకున్న పెద్దమనిషి ఎవరు రాసిచ్చినా చాలన్నారు.

“జపానోళ్ల పేరు ఇరవయ్యేండ్లు నేస్తివి,” అంది మా నాయనమ్మ కనకవ్వ. “ఒక్క తాను మీద నీ పేరు నేసుకుంటె మగ్గం ఒద్దంటదా?”

“సేఠ్ జూస్తె ఏమంటడే అవ్వా?”

“సేఠుకు తెలుగు సదవస్తదారా?”

నేను గళ్ల కాగితం మీద అక్షరాలు గీసిచ్చాను. నాన్న ఒక తాను పొడుగునా అంచు మీద నేశారు: ‘దశరథం, జోల్వా, లాక్‌డౌన్‌లో నేసినది.’

ఆ తాను అడాజన్ చేరింది. గుండ్రటి అక్షరాలు చూసి, ఇది జపాన్ కంటే దూరపు దేశమై ఉంటుందని దుకాణదారు తేల్చి, మీటరుకు మరో ఇరవై పెంచారు. రెండు రోజుల్లో అమ్ముడైపోయింది. సేఠ్ నాన్న భుజం తట్టి, ఆ దేశమేదో గానీ ఇకమీదట అదే నేయమన్నారు.

కనుక పాఠకులకు మనవి. ఆ బట్ట మీలో ఎవరి ఇంటికైనా చేరి ఉండవచ్చు. ఆ అంచు చదవగలిగినవారు మీరే. చదివి, దశరథం అనే మనిషి లాక్‌డౌన్‌లో సూరత్‌లోనే ఉన్నాడని నాలుగు ముక్కలు రాసి పంపితే గుమాస్తా ఒప్పుకుంటారు. అంచు దొరక్కపోతే మీ తప్పేమీ లేదు. చొక్కా కుట్టేముందు దర్జీ మొదట కత్తిరించి పారేసేది దాన్నే. అప్పుడు మీరు ఎదురుగానే కూర్చుని ఉంటారు.