స్టీరింగు ముందు జలపాత దర్శనం

నలుగురు స్నేహితుల్లో కారు నడపడం వచ్చినవాడు ఒక్కడే ఉండి, ఆ ఒక్కడూ మీరే అయితే, మీ అంత అదృష్టవంతుడు ఈ భూమ్మీద లేడు! నవ్వకండి. అనుభవం మీద చెబుతున్నాను.

మొన్న మేం నలుగురం జలపాతాలు, సరస్సులు, నది ఒడ్డు ఊళ్లు చుట్టి వచ్చాం. వెనక సీట్లో డెంటిస్టు, లెక్కల మాస్టరు. నా పక్కన, కారు కదలగానే గుర్రుపెట్టే మిత్రుడు. వాడికి మేం పెట్టిన పేరు అలారం. స్టీరింగు ముందు మీ విధేయుడు. బయల్దేరేటప్పుడు మా ఆవిడ కొత్త టవల్ ఒకటి మడతపెట్టి చేతికిచ్చింది. "ఈసారైనా జలపాతం కింద నిలబడి రండి" అంది. చిన్నప్పట్నుంచీ తీరని కోరిక నాకు అదొక్కటే.

మొదటి జలపాతం రాగానే ముగ్గురూ గేటు ముందే దూకేశారు. "నువ్వు పార్కింగ్ చూసుకుని వచ్చెయ్‌రా" అన్నాడు డెంటిస్టు. చూసుకున్నాను. ఎంత దూరంలో దొరికిందంటే, అక్కణ్ణుంచి రెండో జలపాతమే దగ్గర. పడుతూ లేస్తూ గేటు దగ్గరికి చేరేసరికి ముగ్గురూ తడిసి ముద్దై ఎదురొచ్చారు. "అద్భుతంరా. పద పద, లేటవుతోంది" అన్నారు.

ఇందులో నాకొచ్చిన నష్టమేమిటి? జలపాతం చూడటానికి కళ్లే కావాలా? సీట్లు చాలవూ? వెనక సీటు కవరు పిండితే బకెట్టు నిండిందా, అది మహా జలపాతం. కాస్త ఎండ తగలగానే ఆరిపోయిందా, అది పిల్ల జలపాతం. ఈ శాస్త్రంలో నాకిప్పుడు కళ్లు మూసుకుని డాక్టరేటు ఇవ్వొచ్చు!

సరస్సంటే మీకు పడవలు, అలలు, చల్లగాలి. నాకు సరస్సంటే, పార్కింగ్ ఆయన ఈల ఊదుతూ "ఇంకొంచెం ఎడమకి" అని చెయ్యెత్తినప్పుడు ఆయన చంక కింద నుంచి తళుక్కుమన్నది. చూసినంత మేరకు బాగానే ఉంది.

ఇక నది ఒడ్డు ఊరు! దాన్ని నా అంత క్షుణ్ణంగా ఎవరూ చూసి ఉండరు. అదీ రివర్సులో. "షార్ట్‌కట్‌రా" అని లెక్కల మాస్టరు ఒక సందులోకి తోలించాడు. మనిషి దూరడమే కష్టమైన సందు, పైగా మెడకో డోలు లాగా కారు. ఎదురుగా కూరగాయల బండి. మేడ మీద బట్టలారేస్తున్న ఓ పెద్దావిడ "రా నాయనా, రా, రా... ఆగు, గోడ" అంటూ నన్ను కన్నకొడుకులా సందు చివరికి చేర్చింది. ఈ ఆప్యాయత ఆ ముగ్గురికీ దక్కిందా? వాళ్లు పాపం అప్పటికే దిగి నది చూడ్డానికి వెళ్లిపోయారు.

చివరి జలపాతం దగ్గర మిత్రులకు నా మీద జాలి కలిగింది. "ఈసారి నువ్వెళ్లరా. కారు మేం చూసుకుంటాం" అన్నారు. టవల్ మడత విప్పకుండానే భుజాన వేసుకుని, బడి వదిలిన పిల్లాడిలా మెట్లు దిగాను. హోరు వినబడింది. ఇంకొక్క మలుపు తిరిగితే నీళ్లే.

ఫోను మోగింది.

"ఒరేయ్, మన కారు బస్సుకి అడ్డంగా ఉందట. కాస్త వచ్చి తీసి వెళ్లు" అన్నాడు అలారం. ఆ ఒక్కసారే మేలుకుని ఉన్నాడు.

వెళ్లి తీశాను. బస్సు వెళ్లింది. తిరిగొచ్చేసరికి జలపాతం గేటు మూసేశారు.

ఇంటికి వచ్చిన మర్నాడు, ఇంత అదృష్టం నేనొక్కణ్ణే అనుభవించడం స్వార్థం అనిపించింది. అందుకని డెంటిస్టుకి ఫోన్ చేసి, డ్రైవింగ్ స్కూల్లో చేరమని బతిమాలాను.

"నువ్వుండగా మాకెందుకురా?" అన్నాడు.

చూశారా, ఎంత ప్రేమో! నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పక్కనే మా ఆవిడ ఇచ్చిన టవల్, పెట్టిన మడత పెట్టినట్టే ఉంది. దాంతోనే తుడుచుకున్నాను. ఎట్టకేలకు అది తడిసింది.