బొమ్మ అని రుజువైన తుపాకీ

విదేశీ వ్యవహారాల మీద ఆసక్తి గల పాఠకులకు తెలియజేయడమేమనగా, పాత మార్కెట్టు వీధిలో పరుపుల కొట్టు నడుపుకునే సేనాపతిగారు ఈ మధ్య సకుటుంబంగా ఒక పరాయి దేశం మీదికి దండెత్తి వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చారు. ఇరుపక్షాలా ప్రాణనష్టం లేదు. ఒక గోళ్ల కట్టరు మాత్రం శత్రువుల పాలైంది. ఆ శత్రువులు కూడా మనవాళ్లే.

సేనాపతి అనేది ఆయన పేరు కాదు, ఆదివారపు హోదా. మిగతా వారమంతా ఆయన దూది పరుపుకీ స్పాంజి పరుపుకీ ఉన్న తేడాను ఓపికగా వివరిస్తూ, నాణ్యత చూద్దామని వాలి నిద్రపోయినవాళ్లను మర్యాదగా లేపుతూ బతికే మనిషి. ఆదివారం పొద్దున మాత్రం, మూతబడ్డ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఒక పళ్ల డాక్టరూ, ఒక లెక్కల మాస్టారూ, మరికొందరు పెద్దమనుషులూ ఆయన ఆజ్ఞ కోసం బారులు తీరి నిలబడతారు. అక్కడ జరిగేది ఎయిర్‌సాఫ్ట్ యుద్ధం. తుపాకీ చూడటానికి అచ్చం సైనికుల తుపాకీలాగే ఉంటుంది. నొక్కితే మిరియం గింజ కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ గుండు గాలి ఒత్తిడికి ఎగిరొచ్చి తగులుతుంది. తగిలినవాడు తనంతట తానే చెయ్యెత్తి ఒప్పుకుని, పక్కకు వెళ్లి కూర్చోవాలి. చూసి చెప్పేవాడంటూ ఎవడూ ఉండడు. ఇంత అమాయకమైన ఆట ఈ రోజుల్లో ఎలా బతికి ఉందో పరిశోధకులు తేల్చాలి. సేనాపతిగారైతే కొన్నిసార్లు తగలకపోయినా అనుమానం కొద్దీ చెయ్యెత్తేసేవారు.

అలాంటి మనిషికి విదేశం నుంచి పోటీ ఆహ్వానం వచ్చింది. సైన్యం మొత్తం జేజేలు పలికింది. తీరా బయలుదేరే వేళకి డాక్టరుగారికి పళ్లూ, మాస్టారికి పరీక్షలూ అడ్డొచ్చాయి. చివరికి మిగిలింది సేనాపతిగారూ, ఊరు చూడటానికి భార్యా, ఊరికే వస్తానన్న బావమరిదీ. ఆ బావమరిది డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఎర్ర దీపం పడ్డాక పోలీసు ఉన్నాడో లేడో చూసి మరీ ఆగమని నేర్పించడంలో ఆయనకు ఆయనే సాటి.

తుపాకులు అక్కడే అద్దెకిస్తామని ఆహ్వానంలో రాశారు. సేనాపతిగారు ఒప్పుకోలేదు. అద్దె తుపాకీతో యుద్ధం చేసిన వీరుడు చరిత్రలో ఎక్కడైనా ఉన్నాడా అని భోజనాల బల్ల దగ్గర గర్జించారు.

"అద్దె కోటుతో పెళ్లి చేసుకోలేదూ," అంది భార్య, గిన్నె మీద మూత పెడుతూ.

అయినా ఆయన మాట మీదే నిలబడ్డారు. నిలబడటమే కాదు, అంతా చట్టప్రకారం జరగాలన్నారు. విమాన కంపెనీకి ఫోన్ చేస్తే మొదటి అమ్మాయి బొమ్మయితే ఇబ్బంది లేదంది. రెండో అమ్మాయి తుపాకీ అయితే కుదరదంది. మూడోసారి ఎవరూ ఏమీ అనలేదు గానీ సంగీతం మాత్రం చాలాసేపు వినిపించారు. లైసెన్సు సంగతి కనుక్కుందామని పోలీసు స్టేషనుకు వెళితే అక్కడి అధికారి ఎంతో సానుభూతి చూపించాడు. బొమ్మ తుపాకీకి లైసెన్సు ఇచ్చే అధికారం తమకు లేదనీ, అసలుది కొనుక్కుంటే అన్ని కాయితాలూ దగ్గరుండి చేయించి పెడతాననీ, అప్పుడు హాయిగా ఎక్కడికైనా వెళ్లొచ్చనీ సలహా ఇచ్చాడు.

బావమరిది వేరే దారి చూపించాడు. తువ్వాళ్ల మధ్య చుట్టి, నోరు మూసుకుని వెళ్లడం. "అడిగితే చెప్పాలి గానీ, అడక్కుండానే చెప్పడమేంటి బావా?" అన్నాడు. సేనాపతిగారు ఆయన వంక జాలిగా చూశారు. తుపాకీని తాళం ఉన్న పెట్టెలో పెట్టారు. బ్యాటరీ విడిగా తీసి చేతిసంచిలో వేసుకున్నారు. బొమ్మేనని తెలిసేలా గొట్టం చివర నారింజరంగు మూత బిగించారు. నిజం చెప్పేవాడికి భయం దేనికని ఆ రాత్రి తన కొట్టులోకెల్లా ఖరీదైన పరుపు మీద సుఖంగా నిద్రపోయారు.

విమానాశ్రయంలో తన వంతు రాగానే కౌంటరు అమ్మాయితో స్పష్టంగా, వెనకవాళ్లకు కూడా వినపడేలా, "అమ్మా, ఈ పెట్టెలో తుపాకీ ఉంది," అన్నారు. బొమ్మది అన్న రెండో ముక్క నోట్లో ఉండగానే వెనక ఉన్న వరస మాయమైపోయింది. అంతవరకూ భుజం మీద చెయ్యేసి నిలబడ్డ బావమరిది ఆ చెయ్యి తీసి జేబులో పెట్టుకుని, పక్క వరసలో నిలబడి, సేనాపతిగారిని జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. పరిగెత్తుకొచ్చిన సెక్యూరిటీవాళ్లు సేనాపతిగారి పక్కనున్న ఆవిడని మీరీయనకు ఏమవుతారని అడిగారు.

"నిన్నటిదాకా భార్యని," అంది ఆవిడ. అని, చేతిసంచి భుజానికి తగిలించుకుని, పిలవకపోయినా ఆయన వెనకే నడిచింది.

ఒక గదిలో కూర్చోబెట్టారు. బల్ల వెనక పెద్ద అధికారి పెట్టె తెరిపించి, తుపాకీని చాలాసేపు పరిశీలించి, గొంతు సవరించుకుని ఉపన్యసించాడు.

"చూడండి. ఇది తుపాకీ అయితే మీ దగ్గర లైసెన్సు ఉండాలి. లేదు. కాబట్టి నేరం. తుపాకీ కాకపోతే, ఉందని కౌంటర్లో ఎందుకు చెప్పారు? అది అబద్ధం. కాబట్టి అదీ నేరమే. ఈ రెంటిలో మీకు ఏది అనుకూలమో ఆలోచించుకోండి. మేము ప్రయాణికుల సౌకర్యానికి కట్టుబడి ఉన్నాం."

ఆ క్షణంలో సేనాపతిగారికి యుద్ధమూ పోటీ ఏవీ గుర్తు రాలేదు. పక్కన కూర్చున్న మనిషి ఎన్నాళ్లుగానో ఒక్కసారి విమానం ఎక్కాలని ముచ్చటపడిందన్నదే గుర్తొచ్చింది. పోనీ, పెట్టె ఇక్కడే వదిలేసి వెళ్లిపోతానన్నారు. విమానాశ్రయంలో తుపాకీ వదిలి వెళ్లడం అన్నిటికన్నా పెద్ద నేరమని అధికారి ఓదార్చాడు.

అప్పుడే గాజు తలుపు అవతల కలకలం రేగింది. సూట్లు వేసుకున్న కొందరు పెద్దమనుషులు పూలగుచ్ఛాలు పట్టుకుని వెళుతున్నారు. అధికారి లేచి సెల్యూట్ చేశాడు. వాళ్లెవరని సేనాపతిగారి భార్య అడిగింది. ఆయుధాల ప్రదర్శనకు వచ్చిన కంపెనీవాళ్లనీ, ఫిరంగులూ క్షిపణులూ అమ్ముతారనీ ఆయన భక్తిగా చెప్పాడు.

"మరి వాళ్లని ఆపరా?"

"వాళ్ల దగ్గరేం ఉంటాయమ్మా! ఉత్త బొమ్మల పుస్తకాలే," అన్నాడు అధికారి.

చివరికి శాస్త్రీయంగా పరీక్షించాలని నిర్ణయమైంది. తుపాకీ అయితే మనిషి పోవాలి. పోకపోతే బొమ్మ. ఈ ప్రయోగానికి ఒక కానిస్టేబులు స్వచ్ఛందంగా ముందుకొచ్చాడని నివేదికలో ఉంది. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అధికారి స్వయంగా గురి చూసి పేల్చాడు. చురుక్కుమందనీ, ప్రాణం మాత్రం పోలేదనీ కానిస్టేబులు వాంగ్మూలం ఇచ్చాడు. ఒక్క ప్రయోగంతో తేల్చడం శాస్త్రం కాదు గనక పక్కగదులవాళ్లు కూడా వచ్చి తలా కాసేపు పేల్చారు. సామాన్ల విభాగం నుంచి వచ్చిన పెద్దావిడ గురి అందర్నీ అబ్బురపరిచింది. తరవాత తుపాకీతో ఫొటోలు దిగారు. ఆ పైన పెట్టె మీద "బొమ్మ అని రుజువైన ఆయుధం" అని రాసిన చీటీ అంటించి, ఇంత జరిగాక ఏదో ఒకటి స్వాధీనం చేసుకోకపోతే బాగుండదని సేనాపతిగారి భార్య సంచిలోని గోళ్ల కట్టరు తీసుకుని, వెళ్లిరమ్మన్నారు. విమానంలో బావమరిది తిరిగి బంధువయ్యాడు.

దిగిన దేశంలో కస్టమ్స్ అధికారిణి ఎంతో మర్యాదస్తురాలు. ఇది బొమ్మేనని తాను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాననీ, అయితే నిజమైన తుపాకీలా కనిపించే బొమ్మ తమ దేశంలోకి రాకూడదనీ, కొట్టొచ్చినట్టు కనపడే రంగులో ఉంటేనే అనుమతిస్తామనీ చెప్పింది. లేకపోతే నుజ్జు చేసేస్తారట. సేనాపతిగారు తెల్లబోయి నిలబడ్డారు. ఆయన భార్య బెంచీ మీద కూర్చుని, తుపాకీని ఒళ్లో పెట్టుకుని, సంచిలోంచి గులాబీరంగు గోళ్లరంగు సీసా తీసింది. సగంలో సీసా అయిపోతే అధికారిణి తన సీసా తెచ్చిచ్చింది. ఇద్దరూ కబుర్లు చెప్పుకుంటూ రెండు పూతలు వేశారు. ఆరేదాకా సేనాపతిగారు పక్కన నిలబడి ఊదారు.

పోటీ అడవిలో జరిగింది. ఆకుపచ్చని అడవిలో గులాబీరంగు తుపాకీ ఎంత దూరం నుంచి కనపడుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఈల వేసిన కాసేపటికే ఆయన చెయ్యెత్తి, వచ్చి భార్య పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఆ పూట టీ తాగుతూ చెట్ల మీది పక్షుల్ని చూశారు. పెళ్లయ్యాక ఇంత తీరిగ్గా ఎప్పుడూ కూర్చోలేదని ఆవిడ అంది. ఆయనకు ఓడిపోయినట్టే అనిపించలేదు.

ఈలోగా ఇక్కడ మరో కథ నడిచింది. ఆ రోజు మాయమైన వరసలో మన వీధివాడొకడు ఉన్నాడు. వాళ్లు తిరిగొచ్చేసరికి సేనాపతిగారు తుపాకుల వ్యాపారి అనీ, పరుపులు పైకి చూపించడానికేననీ, పట్టుకున్నా పై నుంచి ఫోన్ రాగానే వదిలేశారనీ వీధంతా ధ్రువపడిపోయింది. కొట్టు ముందు అడ్డంగా ఆగే బళ్లు ఆగడం మానేశాయి. పరుపుకి బేరమాడేవాళ్లు లేరు. పరుపు మీద నిద్రపోయేవాళ్లు అసలే లేరు. నిరుడు నమస్కారానికి తల కూడా ఊపని పెద్దలు అవతలి గట్టు మీంచే చేతులు జోడిస్తున్నారు. బావమరిది అందరికీ అడక్కుండానే చుట్టరికం చెప్పుకుంటున్నాడు.

వీధి సంఘంవాళ్లు సన్మానసభ పెట్టారు. సేనాపతిగారు లేచి, పెట్టె తెరిచి, గులాబీరంగు తుపాకీ చేతపట్టి, ఇది బొమ్మ అనీ, తాను పరుపులు తప్ప ఏమీ అమ్మననీ, మొదటి గుండుకే ఓడిపోయి వచ్చాననీ పూసగుచ్చినట్టు చెప్పారు. సభలో గౌరవపూర్వకమైన నవ్వులు వినపడ్డాయి. సంఘం పెద్ద మైకు అందుకున్నాడు.

"చూశారా ఆ వినయం. నిజంగా ఉన్నవాళ్లెప్పుడూ ఉందని చెప్పుకోరు," అన్నాడు.

వెంటనే సేనాపతిగారిని అధ్యక్షుడిగా ప్రతిపాదించారు. పోటీకి ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు. ఎన్నిక ఏకగ్రీవమైంది. చప్పట్లు ఆగాక ఆయన భార్య వైపు నిస్సహాయంగా చూశారు. ఆవిడ తల దించుకుని నవ్వు ఆపుకుంటోంది. ఆ నెలలోనే ఏళ్ల తరబడి పూడిపోయి ఉన్న మురిక్కాలువ బాగుపడింది, వీధి దీపాలు వెలిగాయి. ఎవరినీ ఆయన ఒక్క మాట అనలేదు.

పాఠకులు నిరభ్యంతరంగా నవ్వుకోవచ్చు. కాకపోతే, మీ వీధి అధ్యక్షుడు ఏ గుణం చూసి ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడో, ఆ రోజు మీ చెయ్యి ఎక్కడుందో ఒకసారి గుర్తు తెచ్చుకుని మరీ నవ్వండి.