మాస్టారి మాటకు మూడు సారాంశాలు

శనివారం పొద్దున్నే రాజ్ కుమార్ వేసుకున్న పథకం చాలా చిన్నది. అమ్మ వేసిన పెసరట్టు తినాలి, వరండాలో లాప్‌టాప్ తెరవాలి, మూడు టూల్స్‌లో ఏది మంచిదో మధ్యాహ్నానికల్లా తేల్చేసి హాయిగా నిద్రపోవాలి. అతను పనిచేసే కాకినాడ కంపెనీకి ఒక వార్తల యాప్ వాళ్ళు ఓ పని అప్పగించారు. పొడుగాటి తెలుగు రాత ఏదైనా ఇస్తే మిషనే చదువుకుని నాలుగు ముక్కల్లో సారాంశం చెప్పాలి. ఆ పని చేస్తామనే టూల్స్ మూడు దొరికాయి. వాటిలో ఏది కొనాలో సోమవారం మేనేజర్ లోకనాథ్ గారికి చెప్పవలసిన భారం రాజ్ కుమార్ మీద పడింది. శని ఆదివారాలు అతను మలికిపురంలో సొంతింట్లోనే ఉంటాడు కాబట్టి ఆ భారం కూడా ఇంటికే వచ్చింది.

మూడింటివీ మూడు గుణాలు. ఒకటో టూల్ ఇచ్చిన రాతలోంచి ముఖ్యమనిపించిన వాక్యాలను ఏరి, ఉన్నవి ఉన్నట్టు పక్కపక్కన పెడుతుంది. రెండోది చదివినదాన్ని సొంత మాటల్లో తిరగరాస్తుంది. ఆ రాయడంలో అక్కడిది ఇక్కడ, ఇక్కడిది అక్కడ అతికిస్తూ ఉంటుంది. మూడోది అన్నిటికన్నా ఖరీదైనది. దానికి తెలియని విషయం లేదు, ఉన్నా ఒప్పుకోదు. మర్యాదలో మాత్రం మన జిల్లావాళ్ళకు ఏమీ తీసిపోదు. పేపరు వార్తలు వేసి చూస్తే మూడూ బాగానే చేశాయి.

"పేపరు వార్త ఎవరైనా కుదిస్తారయ్యా," అన్నారు లోకనాథ్ గారు ఫోన్లో. "అది ముందే కుదించిన సరుకు. మనవాళ్ళు మాట్లాడే మాట వేసి చూడు. దాన్ని ఏది తేలిస్తే అది కొనేద్దాం."

అలాంటి మాట ఎక్కడ దొరుకుతుందా అని రాజ్ కుమార్ ఆలోచిస్తూండగానే ఫోన్ మోగింది. నరసాపురం నుంచి ముసలయ్య మాస్టారి వాయిస్ మెసేజ్. నిడివి నలభై రెండు నిమిషాలు. అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

దానికి కారణం ఉంది. కిందటి ఆదివారమే అతను తల్లి వీరమ్మతో కలిసి మాస్టారింటికి పెళ్లిచూపులకు వెళ్ళాడు. ముసలయ్య గారు రిటైరైన సోషల్ మాస్టారు, లూథరన్ చర్చిలో సంఘపెద్ద. ఆయన్ను భోజనానికి ముందు ప్రార్థన చేయమంటే బిర్యానీ చల్లారి, మళ్ళీ వేడెక్కి, మళ్ళీ చల్లారుతుందని ఊళ్ళో పేరు. ఆ రోజూ అంతే. అందరూ కళ్ళు మూసుకుని తలలు వంచి ఉంటే, రాజ్ కుమార్ ఓపిక పట్టలేక ఒక కన్ను కొంచెం తెరిచాడు. ఎదురుగా మాస్టారి అమ్మాయి తబిత కూడా ఒక కన్ను తెరిచి, చప్పుడు కాకుండా చేపల పులుసు గిన్నె మీద పళ్ళెం మూస్తోంది. ఇద్దరి చూపులూ కలిశాయి. ఆ పిల్ల పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకోవాలని రాజ్ కుమార్ ఆ ప్రార్థనలోనే తీర్మానించుకున్నాడు. "ఆలోచించి కబురు చేస్తాను బాబూ," అన్నారు మాస్టారు. వారమంతా అతనికి అన్నం సయించలేదు.

ఆ కబురు ఇప్పుడు చేతిలో ఉంది. వినడం మొదలుపెట్టాడు. వాన సంగతి, చర్చి పైకప్పు సంగతి, ఆయన చిన్నప్పటి మిషన్ బడి సంగతి వచ్చాయి. బడికి పునాది తవ్వడం దగ్గరికి వచ్చేసరికి రాజ్ కుమార్‌కు ఓపిక అయిపోయింది, మెసేజ్ ఆపేశాడు. అవునో కాదో తెలియకుండా ఇంకా అంతసేపు వినడం తన వల్ల కాదనిపించింది. అప్పుడే అతనికి లోకనాథ్ గారి మాట గుర్తొచ్చింది. మనవాళ్ళు మాట్లాడే మాట ఇంతకన్నా ఎక్కడ దొరుకుతుంది? కబురూ తెలుస్తుంది, పరీక్షా పూర్తవుతుంది. సంబరంగా మెసేజ్ మొత్తాన్ని రాతలోకి మార్పించి మూడు టూల్స్‌కీ వేశాడు.

ఒకటో టూల్ ఇలా ఏరింది: "మీ అబ్బాయి బుద్ధిమంతుడు. తొందరపడి ఇచ్చి పొరపాటు చేశామనిపించింది. అంతా దేవుని చిత్తం." రాజ్ కుమార్ దాన్ని గబుక్కున మూసేశాడు. రెండోది, "రొయ్యల ధర పడిపోయినందువల్ల వివాహం వాయిదా పడింది" అని రాసింది. దేవుడా అనుకుంటూ మూడోది తెరిచాడు.

"శుభవార్త. మాస్టారు ఎంతో సంతోషంగా ఒప్పుకున్నారు. ఆదివారం భోజనానికి రమ్మని ఆహ్వానించారు. కృతజ్ఞతలు తెలుపుతూ జవాబు రాసిపెట్టమంటారా?"

రాజ్ కుమార్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. మనకు కావలసిన మాట ఎవరు చెబితే వాళ్ళే మనకు తెలివైనవాళ్ళు. మొదటి రెండూ పనికిమాలినవని, మూడోది మహా మేధావి అని అతను ఆ క్షణంలోనే తేల్చేశాడు. జవాబు కూడా దాని చేతనే రాయించాడు. అది కృతజ్ఞతలను రెండు పేజీలు పరిచి, ఆదివారం కుటుంబంతో సహా వస్తున్నామన్న మాటను రెండో పేజీలో ఎక్కడో ఇరికించింది. దాన్ని చదవకుండానే మాస్టారికి పంపేశాడు.

"అమ్మా, ఒప్పుకున్నారే. రేపు భోజనానికి రమ్మన్నారు."

వీరమ్మ చేతిలో అట్లకాడతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నారు నాన్నా? ఏదీ, ఆయన మాట నన్నూ విననీ."

"నలభై రెండు నిమిషాలుందమ్మా."

"వద్దులే. ఆయన ప్రార్థన విన్నాను, అది చాలు," అని వీరమ్మ వంటింట్లోకి వెళ్ళకుండా తిన్నగా తమ్ముడు దొరబాబు ఇంటికి వెళ్ళింది.

దొరబాబుకు ఏదీ చిన్నగా చేయడం చేతకాదు. భోజనానికి అన్న మాట అతని చెవిన పడి, "ఒట్టి చేతుల్తో వెళ్తామేంటి" అన్న మాటై బయటికొచ్చింది. మధ్యాహ్నానికి తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు, ఐసు పెట్టెలో మేనల్లుడంత పొడుగు పండుగప్ప చేప వచ్చాయి. సాయంత్రానికి, ఎలాగూ వెళ్తున్నాం కదా ఉంగరాలు మార్పించి ప్రధానం కూడా చేసేస్తే పోలా అనుకున్నాడు. ఆదివారం ఆరాధన ముగిసే వేళకు పాస్టరు గారు, "నేడు నరసాపురంలో మన రాజ్ కుమార్ ప్రధానం, అందరూ ప్రార్థించండి" అని ప్రకటన చేసేశారు. ప్రార్థన ఇక్కడెందుకు, అక్కడే చేద్దామని పాటల బృందంలో ఆడవాళ్ళు డోలకుతో సహా వ్యానెక్కారు. ఒడిలో మూడంతస్తుల కేకు పెట్టుకుని రాజ్ కుమార్ డ్రైవరు పక్కన కూర్చున్నాడు. మధ్యలో ఒకసారి ఇదంతా ఎక్కువైందేమోనని అనిపించకపోలేదు గానీ, తబిత ముఖం గుర్తొచ్చేసరికి ఎక్కువేమీ కాదనిపించింది.

సఖినేటిపల్లి రేవులో వ్యాను పంటెక్కింది. పంటు బళ్ళనూ మనుషులనూ మోసుకుని నది మీద అటు నరసాపురానికీ ఇటు సఖినేటిపల్లికీ తిరిగే పెద్ద పడవ. పాటల బృందం పాటందుకుంది. నది మధ్యకు వచ్చేసరికి నరసాపురం నుంచి వస్తున్న రెండో పంటు దగ్గరైంది. దాని మీద తెల్లటి గొడుగు, గొడుగు కింద ముసలయ్య మాస్టారు, పక్కన స్టీలు క్యారేజీతో ఆయన భార్య కరుణమ్మ, రెయిలింగు పట్టుకుని తబిత.

"మాస్టారండీ," అని కేక పెట్టాడు రాజ్ కుమార్. "ఎక్కడికండీ?"

"ఇంకెక్కడికి బాబూ, మీ ఇంటికే. మీరెక్కడికి?"

"మీ ఇంటికేనండి. భోజనానికి పిలిచారు కదండీ."

"నేనా? మేమే వస్తున్నామని చెప్పాను కదా బాబూ. మెసేజ్ వినలేదా?"

రెండు పంట్ల మీది జనమూ తిరిగి చూశారు. పాట ఆగిపోయింది. అబద్ధమాడదామనుకున్నాడు గానీ తబిత చూస్తోంది. "వినలేదండి," అన్నాడు తల వంచుకుని. "సారాంశం చెప్పే మిషన్లో వేశానండి."

మాస్టారు నోరు తెరిచి, మళ్ళీ మూసేశారు. ఆయన ముఖం ఎర్రబడింది. ఏ మాటా అనలేదు. పంట్లు దాటిపోయాయి.

ఆయన తిట్టి ఉంటే రాజ్ కుమార్ అంత భయపడేవాడు కాదు. ముసలయ్య మాస్టారు మౌనంగా ఉండడం జిల్లాలో ఎవరూ చూడలేదు. బతుకంతా మాట వినని పిల్లలకు పాఠాలు చెప్పి అలిసిపోయిన మనిషి, మాట వినని అల్లుణ్ణి తెచ్చుకుంటాడా? అంతా అయిపోయిందనుకున్నాడు. నరసాపురం రేవులో దిగాక కేకును దొరబాబు చేతిలో పెట్టి, ఒక ఇనుప గుంజకు ఆనుకుని కూర్చుని, చెవులకు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మెసేజ్ మొదటి నుంచి విన్నాడు. ఈసారి ఆపలేదు.

వింటుంటే ఒక్కొక్క ముడే విడింది. బుద్ధిమంతుడన్నది మిషన్ బడిలో చదివే నాటి మాస్టారిని. తొందరపడి ఇచ్చింది నిచ్చెన. ఎదురింటివాళ్ళు పట్టుకెళ్ళి తిరిగి ఇవ్వలేదు. రొయ్యల ధర పడిపోయి వాయిదా పడింది మాస్టారి తమ్ముడి ఇంటి మేడ. ఎంతో సంతోషంగా ఒప్పుకున్నది ఎప్పుడో వచ్చిన బదిలీకి. ఆదివారం భోజనానికి పిలిచింది రాజ్ కుమార్ నాన్నను, ఆయన బతికున్న రోజుల్లో. నాన్నతో కలిసి మాస్టారు ఈ నది మీద వల వేసిన సంగతి చెబుతుంటే రాజ్ కుమార్ కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మాట ఏ టూలూ ఏరలేదు. చివరికి, "సరే బాబూ, ఉంటాను మరి, అమ్మగారిని అడిగానని చెప్పు," అన్నారు మాస్టారు. ఇంతేనా అనుకున్నాడు రాజ్ కుమార్. ఇంకా కొంచెం మిగిలి ఉంది.

"అన్నట్టు బాబూ, మా తబితకి ఇష్టమే. అది చెబుదామనే చేశాను. ఆదివారం మేమే వస్తాం. మా వంటింట్లో టైల్స్ వేయిద్దామని గచ్చు తవ్వించాం, అడుగు పెట్టడానికి లేదు. మీరు శ్రమపడకండి."

మన వైపు చుట్టం అసలు మాట ఎప్పుడు చెబుతాడు? వెళ్ళొస్తానని లేచి, చెప్పులేసుకుని, గేటు మీద చేయి వేశాక. ఒకటో టూల్ మొదట్లోనే ఏరుకుని ఆగిపోయింది. మిగతా రెండూ సెలవు తీసుకున్న మాట దగ్గరే పెట్టె సర్దేసుకున్నాయి. సంబంధం కుదిరిందని మూడోది చెప్పింది నిజమే గానీ, అది గుడ్డెద్దు చేలో పడ్డట్టు చెప్పిన నిజం.

"మావయ్యా, వ్యాను తిప్పించండి. తబితకి ఇష్టమేనంట," అంటూ రాజ్ కుమార్ పంటు వైపు పరుగెత్తాడు. కేకు పై అంతస్తు అప్పటికే పాటల బృందంలో కలిసిపోయింది.

నది మధ్యకు వచ్చేసరికి ఎదురుగా మళ్ళీ తెల్లటి గొడుగు. మిమ్మల్ని శ్రమపెట్టడం ఎందుకని వాళ్ళూ వెనక్కి బయల్దేరారు.

"విన్నానండి," అని అరిచాడు రాజ్ కుమార్. "చివరిదాకా విన్నాను. వంటింట్లో గచ్చు తవ్వించారు. నిచ్చెన ఇంకా రాలేదు. మా నాన్న వల మీ కాలికి చుట్టుకుని ఇద్దరూ నీళ్ళలో పడ్డారు."

మాస్టారి గొడుగు వణికింది. కోపమనుకున్నాడు రాజ్ కుమార్. కాదు, ఆయన నవ్వుతున్నారు. "బాబూ, నేనూ ఒక మాట ఒప్పుకోవాలి. నీ జవాబు రెండు పేజీలుంది. కళ్ళజోడు కనపడలేదు. ఫోన్లో కింద సారాంశం అని ఉంటే నొక్కేశాను. మీరు ఇంటి దగ్గర ఎదురుచూస్తుంటారని చెప్పింది. ఇందాక సిగ్గుతో నోరు పెగల్లేదు."

"ముప్పై ఏళ్ళుగా మీ మాట పూర్తిగా ఎవరు విన్నారని అబ్బాయిని అంటారు," అంది కరుణమ్మ.

"అయితే ఇప్పుడు ఎవరం ఎక్కడికి రావాలండీ?" అని అరిచాడు దొరబాబు.

"దానికేముందండీ," అని మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ముందుగా దేవుని కృప వల్ల..."

పంట్లు దూరమవుతున్నాయి. తబిత రెయిలింగు మీదికి వంగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు కదలకండి. మేమొస్తాం."

ఇటు పంటు మీద చప్పట్లు మోగాయి. రాజ్ కుమార్‌కు ఆ రెండు వాక్యాల్లో వినిపించిన అర్థాలు నలభై రెండు నిమిషాల్లో కూడా పట్టవు.

సఖినేటిపల్లి రేవులోనే, వ్యాను పక్కన, మిగిలిన రెండంతస్తుల కేకు ముందు ప్రధానం జరిగింది. ప్రార్థన మాస్టారే చేశారు. ఆ ప్రార్థన పూర్తయ్యేలోగా పంటు నరసాపురం వెళ్ళి వచ్చింది. మధ్యలో రాజ్ కుమార్ ఒక కన్ను కొంచెం తెరిచాడు. తబిత ఒక కన్ను తెరిచి, కేకు మీద ఈగలు వాలకుండా అట్టపెట్టె మూత పెడుతోంది. ఈసారి ఇద్దరూ నవ్వాపుకోలేదు. ఆమేన్ అన్నాక కూడా రాజ్ కుమార్ కదలకుండా నిలబడ్డాడు. అనుకున్నట్టే మాస్టారు, "అన్నట్టు బాబూ," అని మొదలుపెట్టారు.

సోమవారం రాజ్ కుమార్, మూడో టూల్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ ఎందుకు కొనకూడదో సవివరంగా రాసి, ముగింపులో మర్యాదగా నాలుగు మంచి మాటలు చేర్చి లోకనాథ్ గారికి పంపాడు. లోకనాథ్ గారికి అంత పొడుగు చదివే తీరిక లేక, దాన్ని మూడో టూల్‌కే వేసి, అది చెప్పిన ప్రకారం మధ్యాహ్నానికల్లా మూడో టూల్ కొనేశారు.