మూడు నోళ్ల పరీక్ష

గోదావరిఖని బొగ్గుబాయిలో మందుగుండు పేల్చే సదయ్యకు సూదంటే చచ్చేంత భయం. షుగర్ తగ్గకపోతే రేపటి నుంచి ఇన్సులిన్ సూదేనని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. అందుకే ఆ ఉదయం టీ కూడా తాగకుండా, షుగర్‌ను చంపుతుందని బామ్మర్ది పోశం కమాన్‌పూర్ చెలక నుంచి తెచ్చిన పొడపత్రి ఆకును పరీక్షించడానికి కూర్చున్నాడు.

పేల్చే ముందు గ్యాస్ ఉందేమో చూసుకోవడం బాయిలో రూలు. ఒక్కచోట చూసి ఊరుకోవడం సదయ్యకు అలవాటు లేదు. కాబట్టి తనతో పాటు పోశం చేత, భార్య కనకవ్వ చేత కూడా ఆకు నమిలించి, తలా చెంచా చక్కెర నోట్లో పోశాడు.

"బావా, తీపే లేదు! ఇసుక నమిలినట్టున్నది," అన్నాడు పోశం.

"నాకూ గట్లనే ఉన్నది," అంది కనకవ్వ, మొగుడు గండం గట్టెక్కాడని కళ్లు తుడుచుకుంటూ.

"నోట్లనే చక్కెరను గింత ఖతం చేసింది, నెత్తుర్ల ఇంకేం మిగుల్తది? సేమియా వండు!" అన్నాడు సదయ్య.

కనకవ్వ వండింది. రుచి చూస్తే చప్పగా ఉంది. ఇంకొంచెం చక్కెర వేసింది. మళ్లీ చప్పనే. చివరికి డబ్బా ఖాళీ అయింది. అప్పటికీ నమ్మకం కుదరక, పక్క క్వార్టర్ శోభను పిలిచి గిన్నె చేతికిచ్చింది. ఒక్క చెంచా తినగానే శోభ నీళ్ల బిందె దగ్గరికి పరుగెత్తింది.

"అక్కా, గిది సేమియానా, పాకమా?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. మూడు నోళ్లది ఒక మాట, ఒక నోటిది ఇంకో మాట. సదయ్యకు శోభ మీద జాలేసింది.

"శోభా, నీకు షుగర్ మొదలైనట్టున్నది. జల్ది దవాఖానల చూపిచ్చుకో. ఫికర్ పడకు, ఆకు మేమిస్తం," అని ధైర్యం చెప్పి, తాను రెండు గిన్నెలు లాగించాడు.

మర్నాడు దవాఖానలో రిపోర్టు చూసిన డాక్టర్ విద్య కళ్లజోడు సవరించుకుంది.

"సదయ్యగారూ, ఇంత ఎక్కువ ఎప్పుడూ లేదండీ. ఆ ఆకు మీ నాలుకకు తీపి తెలియకుండా చేసిందంతే. తిన్న చక్కెర ఎక్కడికి పోతుంది?"

ఆమె సూది చేతిలోకి తీసుకోగానే సదయ్య కళ్లు మూసుకుని కనకవ్వ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "అంత నీ వంటతోనే అయింది! డబ్బా డబ్బా పోస్తరా ఎవరన్న?"

"వండుమన్నదెవరు? గిన్నె నాకిందెవరు?" అంది కనకవ్వ, అతని చెయ్యి వదలకుండానే. "నీకేమన్న అయితే నేనెట్ల బతకాలె?"

సదయ్య మెత్తబడ్డాడు. "ఏం కాదు తియ్యి. డాక్టరమ్మా, ఇగ సూది వెయ్యుండ్రి."

"వేసి చాలాసేపైందండీ," అంది విద్య, దూది పడేస్తూ.

ఇప్పుడు రోజూ సూది కనకవ్వే వేస్తుంది. పొడపత్రి తీగ పెరట్లో ఏపుగా పెరుగుతోంది. ఎవరైనా మిఠాయి డబ్బాతో గుమ్మంలోకి వస్తే, ఆమె ముందుగా మొగుడి చేత రెండాకులు నమిలిస్తుంది.

ఆకు బాగా పనిచేస్తోంది.