నలుగురు పుల్లర్లు

ఆ ఆదివారం సాయంత్రం గురునాథరావు కారులో తగరపువలస వెళ్ళి, పుట్టింట్లో ఉన్న బావమరిది భార్య తాయారునీ, ఆమె పసిబిడ్డనీ తీసుకురావాలి. వెళ్ళేలోగా కారు ఇంజనులో తిరిగే టైమింగ్ బెల్టు మార్చేద్దామని పొద్దున్నే నిర్ణయించుకున్నాడు. ఆయన పోర్టులో క్రేన్లు బాగుచేయించే ఇంజనీరు. నాలుగేళ్ళ కిందట కొన్న మారుతిని ఇంతవరకూ మెకానిక్ చేత ముట్టించలేదు.

"చంటిపిల్లతో వస్తుంటే రోడ్డు మీద బెల్టు తెగిందనుకో, ఏం చేస్తాం?" అన్నాడు భార్య కామేశ్వరితో.

"బండి బాగానే ఉంది కద బావా. ఇయ్యాలే ఇప్పాలేటి?" అన్నాడు ఆమె తమ్ముడు గవర్రాజు. అతను ఫిషింగ్ హార్బర్ దగ్గర ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్ళాం, బిడ్డ వస్తున్నారని అప్పుడే గడ్డం గీసుకుని వచ్చేశాడు.

గురునాథరావు వినలేదు. కొత్త బెల్టు, స్పానర్లు వరండాలో పరిచాడు. బెల్టుకి అడ్డంగా ఉన్న పుల్లీ చక్రాన్ని ఊడలాగే పుల్లరు మాత్రం ఆయన దగ్గర లేదు. "మీ ఫ్యాక్టరీలో ఉంటుంది, పట్రా," అని గవర్రాజుని స్కూటరు మీద పంపాడు.

ఎండెక్కాక గవర్రాజు తిరిగొచ్చాడు. వెనక రెండు రిక్షాల్లోంచి వలలు లాగే మనుషులు నలుగురు, లావుపాటి తాడు చుట్టతో సహా దిగారు.

"పుల్లర్లు, బావా. ఒకడు సాలడని నలుగుర్ని తెచ్చినాను."

గురునాథరావు పుల్లరంటే మనిషి కాదనీ, మూడు కాళ్ళూ మధ్యలో మరా ఉండే ఇనుప పనిముట్టనీ వేళ్ళు మడిచి మరీ చూపించాడు. గవర్రాజు శ్రద్ధగా విని వెళ్ళి, ముక్కాలి పీట తెచ్చాడు.

"కాళ్ళు మూడే బావా, సూసుకో. మర ఒక్కటే దొరకనేదు."

ఈలోగా కామేశ్వరి ఆ నలుగురికీ ఉప్మా చేసి పెట్టింది. చివరికి గురునాథరావే వెళ్ళి ఫ్యాక్టరీ స్టోర్సు గోడకి వేలాడుతున్న పుల్లరు తెచ్చుకున్నాడు. కారు గేరులో పెట్టి, గవర్రాజు చేత బ్రేకు తొక్కించి, బోల్టు విప్పి పుల్లీ లాగాడు. మూత తీస్తే లోపల బెల్టు నల్లగా నిగనిగలాడుతోంది.

"నాలుగేళ్ళయినా అరగలేదేంటి?"

"నువ్వు సూసుకున్నట్టు బండిని ఎవులు సూసుకుంటారు బావా? మూతెట్టేయ్," అన్నాడు గవర్రాజు.

ఆ మాట గురునాథరావుకి నచ్చింది. అయినా, తెచ్చిన బెల్టు ఊరికే పోకూడదని పాతది తీసేశాడు. గుర్తు తప్పితే ఇంజను పట్టదు కనక, అది ఏ గుర్తు దగ్గర ఆగి ఉండాలో సరిచూసుకుని, బావమరిదితో కలిసి భోజనానికి లోపలికి వెళ్ళాడు.

ఉప్మా తిని ఊరికే కూర్చోవడం ఆ నలుగురికీ మొహమాటంగా ఉంది. కారుకి తాడు కట్టి చెట్టు నీడలోకి లాగారు. గేరులో ఉన్న కారు ఇంజనుని కూడా తిప్పుకుంటూ వెళ్ళింది. సరిచూసుకున్న గుర్తులు ఎక్కడివక్కడ తప్పాయి.

"ఎండలో పనేటి సేత్తారు బాబూ, ఇక్కడ సల్లగుంటాది," అన్నాడు వాళ్ళలో పెద్దవాడు పైడయ్య.

గురునాథరావు అందాజుగా బెల్టు బిగించాడు. ఎన్నిసార్లు తాళం తిప్పినా కారు దగ్గింది గానీ కదల్లేదు. పొద్దువాలుతుంటే ఆయనకి మనసు చివుక్కుమంది.

"నా పంతం వల్ల నీ పెళ్ళాంబిడ్డలు ఎదురుచూస్తూ కూర్చున్నారయ్యా," అన్నాడు.

"పర్నేదు బావా," అన్నాడు గవర్రాజు, మొహం చూడకుండా.

ఫ్యాక్టరీ వ్యాను డ్రైవరుతో సహా అడిగి తీసుకుని ఇద్దరూ తగరపువలస వెళ్ళారు. తాయారు బిడ్డనెత్తుకుని గుమ్మంలోకి వచ్చి వ్యాను చూసింది.

"మళ్ళీ బెల్టు తెగిపోనాదేటి, అన్నయ్యగారూ?"

"మళ్ళీ ఏంటమ్మా?"

"పోయిన నెల ఈయన మీ కారేసుకొని పిల్లని సూడ్డానికొత్తంటే ఆనందపురంలో తెగిపోనాదంట కదా. అక్కడే కొత్తది ఏయించినారంట. ఈయన మీకు సెప్పనేదా?"

గురునాథరావు తాయారునీ, బిడ్డనీ జాగ్రత్తగా డ్రైవరు పక్కన కూర్చోబెట్టి, తాను కూడా అక్కడే సర్దుకుని తలుపు వేశాడు.

గవర్రాజుకి వెనక ఐసు పెట్టెల మీద కావలసినంత చోటు దొరికింది.