బండగారి ఇల్లు

మా కాలనీలో స్థలానికి తగ్గట్టు కట్టిన మొట్టమొదటి ఇల్లు పూర్తయిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇన్నాళ్ళూ మేమంతా మనుషులకు తగ్గట్టు కట్టిన ఇళ్ళలో అజ్ఞానంతోనూ, కాస్త సుఖంగానూ బతికేశాం. ఇక ఆ చీకటి రోజులు పోయాయి.

ఆ స్థలం మా వీధి చివర ఏటవాలుగా ఉంటుంది. నడిమధ్య ఏనుగంత బండ. ఎవరూ కొనకపోవడంతో మా ఎదురింట్లో అద్దెకుండే గుమాస్తాగారు కొన్నారు. ఆయన భార్య పొంగిపోయింది. కిటికీ లేని వంటింట్లో పొగ మింగుతూ పిల్లల్ని పెంచిన మనిషి ఆవిడ.

"పెద్ద కిటికీ ఉన్న వంటిల్లు ఒక్కటి కట్టించండి. ఇంకేమీ అడగను" అంది.

"అదెంత పని!" అని గుమాస్తాగారు పేరుమోసిన ఆర్కిటెక్టును పిలుచుకొచ్చారు.

ఆర్కిటెక్టుగారు చెప్పులు విడిచి బండ చుట్టూ నడిచారు. దానికి చెవి ఆనించి కళ్ళు మూసుకున్నారు. ఇల్లాలు వంటింటి సంగతి ఎత్తబోతే పెదవుల మీద వేలు పెట్టి వారించారు. కాసేపటికి లేచి ఉపన్యసించారు.

"ఇల్లు మనం కట్టకూడదండీ. స్థలం కట్టించుకోవాలి. ఈ బండ మనకంటే ముందొచ్చింది. ఇక్కడ మనం చుట్టాలం, అంతే. చుట్టాలొచ్చి ఇంటాయన్ని పక్కకి జరగమంటే బావుంటుందా?"

ఇంత గొప్ప మాట అర్థం కాలేదని ఒప్పుకోవడానికి మొహమాటపడి గుమాస్తాగారు తల ఊపారు. ఆ ఊపుడే ఒప్పందంగా పరిగణించడమైనది.

దరిమిలా బండకు హాలు కేటాయించారు. వాలు ఆ భూమి సహజగుణం గనుక చదును చేయడం అపచారమని, ఇంటి నేల కూడా వాలుగానే వేశారు. గుమాస్తాగారి తల్లి మంచం రాత్రి గోడవార వేస్తే తెల్లారేసరికి వీధి గుమ్మం దగ్గర తేలుతుంది. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి ఇది చక్కని ప్రయాణ సౌకర్యమని తేల్చారు. "నన్ను రోజూ వీధిలోకి తోసేస్తున్నార్రా!" అని ముసలావిడ కేకలు పెడుతుంది గాని, పెద్దతనంలో సౌకర్యాలు ఓ పట్టాన అర్థం కావు.

పడమటి గాలి అనాదిగా ఆ దారినే పోతోందట. దానికి అడ్డం పడటం సంస్కారం కాదు గనుక స్నానాల గదికి మూడే గోడలు కట్టారు. నాలుగో వైపు ప్రకృతి ఉంటుంది. ప్రకృతికి అవతల మేముంటాం. మర్యాదస్థులం గనుక, లోపలివాళ్ళు గట్టిగా పాట అందుకోగానే అటు తిరిగి కూర్చుంటున్నాం. వాననీటి దారి పడగ్గదిలోంచి పడింది. వాన పడ్డప్పుడు భార్యాభర్తలు చెరో గట్టున పడుకుని, ఏదైనా చెప్పుకోవాలంటే కేకేసుకుంటున్నారు.

వంటింటి సంగతి మరిచిపోయారనుకోకండి. మొదట తూర్పున గీశారు. పొద్దుటి ఎండ బండ మీద పడాలి గనుక తీసేశారు. దక్షిణాన పెడితే వంట పొగ బండకు తగులుతుందన్నారు. పడమటి వైపు గాలిది, ఉత్తరం వైపు వానది. దిక్కులన్నీ అయిపోయాక, వంటిల్లు ఈ స్థల స్వభావానికే విరుద్ధమని ఆర్కిటెక్టుగారు విచారంతో ప్రకటించారు.

"మరి నేను వండేదెక్కడండీ?"

"అన్నీ మనమే అడుగుతుంటే స్థలం ఎప్పుడడుగుతుందమ్మా?"

"కాస్త సర్దుకోవే. అంత పెద్దాయన ఊరికే చెప్తాడా?" అన్నారు గుమాస్తాగారు.

అందుచేత పాత అద్దె వాటా ఖాళీ చేయలేదు. ఆవిడ ఆ కిటికీ లేని వంటింట్లోనే వండి, వేడి గిన్నెలు మోసుకుంటూ వీధి పొడుగునా నడిచి కొత్తింటికి చేరుస్తోంది. చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. కానీ కళ దగ్గర కడుపు మాట ఎత్తకూడదట.

ఈలోగా చదును స్థలాలున్నవాళ్ళకు తలెత్తుకు తిరగడం కష్టమైపోయింది. మా డాక్టరుగారు లారీలో బండ తెప్పించి, దానికి తగ్గట్టు కట్టుకోవడానికి ఉన్న ఇల్లు పడగొట్టారు. ఆయన వియ్యంకుడు మట్టి తోలించి వాలు చేయించుకున్నాడు. ఎవరి స్థలం ఎక్కువ సహజంగా ఉందన్న తగువుతో ఇప్పుడా వియ్యంకులిద్దరికీ మాటల్లేవు.

మొన్న ఉత్తమ గృహ బహుమతి కమిటీ వచ్చింది. కాలనీ అంతా వెళ్ళాం. ఇల్లాలు మోసుకొచ్చిన భోజనం సుష్టుగా తిని, అధ్యక్షులవారు చేయి తుడుచుకుంటూ లేచారు.

"ఎన్ని ఇళ్ళు చూశాను! ఎక్కడికెళ్ళినా మసి, జిడ్డు, గిన్నెల మోత. ఈ ఇంట్లో ఆ గోలే లేదు. ఇల్లాలికి ఇంత గౌరవమిచ్చిన ఇల్లు నా సర్వీసులో చూడలేదు! చెప్పండమ్మా, ఈ ఇంట్లో మీకు బాగా నచ్చిందేంటి?"

ఆవిడ ఎంగిలి గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పేర్చుకుంటోంది.

"ఈ బండేనండీ. నోరు తెరిచి ఏదీ అడగలేదు. అన్నీ దానికే ఇచ్చారు."

కమిటీ మురిసిపోయి చప్పట్లు కొట్టింది. మేమూ కొట్టాం. ఆవిడ గిన్నెల దొంతర ఎత్తుకుని గుమ్మం దాటుతుంటే పక్కకు తప్పుకుని మర్యాదగా దారి కూడా ఇచ్చాం. ఎవరమైనా ఓ గిన్నె అందుకుందుమేగాని, చప్పట్లు కొడుతున్నాం కదా, చేతులు ఖాళీ లేవు.